లెక్కలో లేని వాగు

ఒక పెద్ద అడవిలో అన్నీ ఉన్నాయి, బడి ఒక్కటే లేదు. పెద్దలు పూనుకుని ఆ హాయి కూడా లేకుండా చేశారు.

హెడ్మాస్టరు దున్నపోతుగారు. పంతులు కొంగగారు, ఒంటికాలి మీద నిలబడి పాఠం చెప్పేవారు. రెండో కాలు రిటైరయ్యాక దించుతానని ఆయన మాట. అది వేరే సంగతి లెండి. అసలు సంగతి గంట. ఆ బడిలో ఎండని చూసి గంట కొట్టేవారు కాదు, గంగుల్ని చూసి కొట్టేవారు. గంగులు హెడ్మాస్టరుగారి దూడ. వాడు రాయడం ముగించి పలక బోర్లిస్తేనే పాఠం అయినట్టు. అంతదాకా అందరూ అదే పాఠం వల్లించాలి. 'ఒక్కరూ వెనకబడకూడదు' అన్నది బడి సూత్రం. ఆ ఒక్కరి పేరు పైకి చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

చిక్కల్లా పెంచలికి వచ్చింది. పెంచలి అలుగు పిల్ల. ఒంటినిండా పొలుసులే కానీ అవింకా గట్టిపడలేదు. పంతులుగారు నోరు తెరిచేలోగా దానికి పాఠం వచ్చేసేది. ఇక పొద్దుగూకేదాకా ఏం చెయ్యాలి? చీమల్ని లెక్కపెట్టేది. లెక్క తేలాకే తినేది. చీమలు అయిపోతే ప్రశ్నలు అడిగేది.

ఒకరోజు కొంగగారు, "మన ఏట్లో కలిసే వాగులు ఏడు," అన్నారు.

"ఎనిమిదండీ. గట్టు వెంట నడిచి లెక్కపెట్టాను."

"పుస్తకంలో ఏడే ఉంది."

"పుస్తకం రాసినవారు నడిచారాండీ?"

క్లాసంతా గొల్లుమంది. "వచ్చిందండీ మేధావమ్మ!" అంది కోతిపిల్ల. "పక్కన కూర్చుంటే మనకీ అంటుకుంటుంది, జరగండ్రా!"

అందరూ జరిగారు. పెంచలి తల పొట్టలో దాచుకుని ఉండచుట్టుకుపోయింది. అలుగులకి భయమేస్తే అంతే. ఆనాటి నుంచి మధ్యాహ్నం తిండి వేళకి అందరూ గుండ్రంగా కూర్చునేవారు, పెంచలి ఒక్కతే గుండ్రంగా ఉండేది.

దున్నపోతుగారు పిలిపించారు. "చూడమ్మా, ముందుగా తెలిసిపోవడం ఒక జబ్బు. మందుంది. రోజుకి వందసార్లు 'ఏడు' అను. నయమైతే అందరూ కలుపుకుంటారు. ఇన్స్పెక్టరుగారు వచ్చేనాటికి నయం కాలేదో, నీకు ప్రత్యేక తరగతి."

"ఎక్కడండీ?"

"దూరంగా. నువ్వు చెప్పే ఆ లేని వాగు ఒడ్డున. పంతులుండడు, తోడుండదు."

తెలివైన పిల్ల కదా, మూడురోజుల్లో నయం చేసేసుకుంది. అది 'ఏడు' అంటుంటే కొంగగారికి కళ్ళు చెమర్చేవి. కోతిపిల్ల పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని రేగుపండు చేతిలో పెట్టింది. అలుగులు రేగుపళ్ళు తినవు, నమలడానికి నోట్లో దంతాలే ఉండవు. అయినా పెంచలి మింగేసింది, గింజతో సహా.

ఇన్స్పెక్టరు ఎలుగుబంటిగారు రానే వచ్చారు.

"వాగులెన్ని?"

"ఏ...డు!" క్లాసంతా అరిచిన అరుపుకి చెట్ల మీది ఆకులు రాలాయి.

"భేష్! ఈ ముందున్నది మీ అబ్బాయా, హెడ్మాస్టరుగారూ? ఏదీ, నువ్వు చెప్పు నాన్నా."

గంగులు చాలాసేపు ఆలోచించాడు. "ఎనిమిదండీ."

దున్నపోతుగారు రంకె వేశారు. "ఎవరు చెప్పార్రా నీకు?"

"ఎవరూ చెప్పలేదు నాన్నా. రోజూ నేను పొర్లేది ఆ ఎనిమిదో దాంట్లోనేగా. ఏడని రాద్దామంటే చెయ్యి రాదు. అందుకే పలక బోర్లించడం ఆలస్యమవుద్ది."

"జరగండ్రా!" అంది కోతిపిల్ల, అలవాటు కొద్దీ.

అందరూ జరిగారు. గంగులుకి ఉండచుట్టుకోవడం రాదు. అంత ఒళ్ళు ఎక్కడ దాచుకోవాలో తెలీక అలాగే నిలబడిపోయాడు.

ఎలుగుబంటిగారు పెంచలి వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా. ఏడా, ఎనిమిదా?"

కోతిపిల్ల భుజం వెచ్చగా తగులుతోంది. ఏడు అంటే ఆ చోటు ఖాయం. పెంచలి గంగులు వంక చూసింది.

"ఎనిమిదండీ," అంది.

'అంటువ్యాధి' అని రాసుకున్నారు ఇన్స్పెక్టరుగారు. ఇద్దర్నీ ప్రత్యేక తరగతికి పంపేశారు. రూలు పెట్టింది తానే కనక దున్నపోతుగారికి తలూపక తప్పలేదు.

మర్నాడు లేని వాగులో మెడదాకా మునిగి, "తొమ్మిదోది కూడా ఉందేమో," అన్నాడు గంగులు నెమ్మదిగా.

"పద, చూద్దాం," అంది పెంచలి.

బడిలోనే చిన్న ఇబ్బంది వచ్చింది. పలక బోర్లించేవాడు లేడు కనక గంట కొట్టలేదు. కొంగగారి రెండో కాలు దిగలేదు. పిల్లలు ఇప్పటికీ 'ఏడు' అంటూనే ఉన్నారట.

నీతి: సరైన జవాబు ఒంటరిగా చెబితే జబ్బు, కాబట్టి తోడు దొరికేదాకా బుద్ధిగా తప్పే చెప్పవలెను.