హసన్‌బీ చరిత్రాభిమానం

ఆదోనిలో చరిత్రాభిమానం అసాధారణంగా పెరిగిందని 1983 వేసవిలో ప్రభుత్వానికి లిఖితపూర్వకంగా తెలిసింది. అంతకు రెండేళ్ల ముందు పాతపేటలో, ఒకప్పుడు కోటను ఏలిన ఖిలేదారుగారి గుమాస్తా కాపురమున్న ఇంటిని ఓ శాఖవారు మ్యూజియం చేశారు. ఖిలేదారుగారి ఇల్లు ఎప్పుడో కూలిపోయింది కాబట్టి గుమాస్తాతో సరిపెట్టుకున్నారు. ఆ మహానుభావుడి సిరాబుడ్డి, ఆయన ఎన్నడూ ఒరలోంచి తీయని కత్తి, ఒక కాలు లేని మంచం అందులో ముఖ్య ఆకర్షణలు. పెరట్లో రాతిబావి కూడా ఉంది. దాన్ని జాబితాలో చివర రాశారు.

తొలి ఏడాది మ్యూజియం చూసినవాళ్లు పదకొండుమంది. వాళ్లలో నలుగురు వానకు తలదాచుకున్నవాళ్లు. ఆ వేసవిలో మాత్రం సందర్శకుల పుస్తకం వేలిముద్రలతో నిండిపోయింది. అంతా ఆడవాళ్లే. మామూలు జనం చరిత్రను చూడడానికి ఒట్టి చేతులతో వస్తారు. వీళ్లు తలా రెండు బిందెలతో వచ్చేవాళ్లు.

అందరిలోకీ గొప్ప అభిమాని హసన్‌బీ. జిన్నింగు మిల్లులో పత్తి ఏరే మనిషి, ఇంట్లో ఏడుగురు. వాళ్ల వీధి కొళాయి ఉగాదినాడు ఆఖరిసారి దగ్గి ఊరుకుంది. చుట్టుపక్కల నీళ్లున్న బావి ఇదొక్కటే. వాచ్‌మన్ దస్తగిరికి ఈ సంగతి బాగా తెలుసు. నీళ్లకు రానిస్తున్నానంటే ఉద్యోగం పోతుంది, పొమ్మంటే పాపం చుట్టుకుంటుంది. అందుకని అందరిచేతా వేలిముద్ర వేయించి, "కత్తి ఒకతూరి సూసి పోండక్కా" అనేవాడు. హసన్‌బీ ఆ కత్తిని నూట పన్నెండుసార్లు చూసింది.

పుస్తకం తిరగేసిన పై అధికారికి కళ్లు చెమర్చాయి. స్వయంగా విచ్చేసి, షామియానా వేయించి, హసన్‌బీని ఉత్తమ సందర్శకురాలిగా ప్రకటించి శాలువా కప్పారు.

"అక్షరం ముక్క రాని ఈ సోదరీమణి దినానికి రెండుసార్లు గతాన్ని దర్శిస్తున్నది. పట్టభద్రులు సిగ్గుపడాలి" అన్నారు.

శాఖలోని పట్టభద్రులు ముగ్గురూ ఆజ్ఞానుసారం సిగ్గుపడ్డారు. అధికారి ఆమెను ఏం కావాలో కోరుకోమన్నారు.

దస్తగిరి వెనకనుంచి కళ్లతోనే బతిమాలాడు. కానీ పుట్టి బుద్ధెరిగాక ఒక సర్కారు మనిషి ఏం కావాలని అడగడం ఆమెకదే మొదలు. అబద్ధమాడడానికి మనసొప్పలేదు.

"ఈ ఎండకు శాలువా యాల సారూ. మేమొచ్చేది నీల్లకే. బాయికి ఒక సేంతాడు ఇప్పీండి, పాతది తెగిపోయేట్టుండాది. ఈ నీల్లు లేకుంటే పిల్లోల్లు బతకరు."

అధికారి బావి దగ్గరికి నడిచారు. తాడు ఒరిపిడికి గట్టురాతి మీద పడిన గాడిని వేలితో తడిమారు. ఇన్ని వందల ఏళ్ల రాయికి ఇంత అన్యాయం జరుగుతుంటే ఎవరూ పట్టించుకోలేదా అని వాపోయారు. వారం తిరక్కుండా బావికి ఇనుపజాలీ బిగించి తాళం వేయించారు. దస్తగిరిని చిప్పగిరికి బదిలీ చేశారు. అక్కడ కాపలా కాయడానికి శాఖకు ఇంకా ఏమీ దొరకలేదు.

జాలీలోంచి చూస్తే నీళ్లు చక్కగా కనిపిస్తాయి. హసన్‌బీ మూడురోజులు వచ్చి చూసింది, ఏడ్చింది. నాలుగోనాటినుంచి మూడు మైళ్లు నడిచి ఎవరిదో పొలం బావికి పోతోంది.

మరుసటి ఏడాది సందర్శకులు తొమ్మిదిమందికి పడిపోయారు. మన జనానికి గతమంటే గౌరవం లేదని శాఖ విచారం వెలిబుచ్చింది. పత్రికలో వేశారు. పొద్దున్నే కాఫీ తాగుతూ మనమూ చదివాం. ఈ జనం ఇక బాగుపడరని నిట్టూర్చి, స్నానానికి కొళాయి తిప్పి, బకెట్టు నిండి పొర్లిపోతున్నా కట్టేయకుండా ఆ సంగతే మాట్లాడుకున్నాం.