ఇన్‌చార్జి వడ్రంగి పిట్ట

పెద్దతోట పార్కులో వడ్రంగి పిట్ట పోస్టు పదకొండు నెలలుగా ఖాళీగా ఉండటంతో, ఆ బాధ్యతలను ఇన్‌వర్డ్ సెక్షన్ సీనియర్ అసిస్టెంటు చింతకింది వీరేశానికి అదనంగా అప్పగిస్తూ ఉత్తర్వులు వెలువడ్డాయి. ఇందులో కొత్తేమీ లేదు. తహశీల్దారు బదిలీ అయితే డిప్యూటీకి, డాక్టరు సెలవు పెడితే పక్క ఊరి డాక్టరుకు, హెడ్మాస్టరు రిటైరైతే లెక్కల మాస్టారుకు చార్జి ఇచ్చినట్టే, పిట్ట రాకపోతే మనిషికి ఇస్తారు. పని ఆగకూడదన్నదే ఉద్దేశం.

వీరేశాన్నే ఎంపిక చేయడానికి తగిన కారణం ఉంది. ఇరవై రెండేళ్లుగా ఆఫీసుకు వచ్చే ప్రతి ఉత్తరం మీదా తేదీ ముద్ర కొడుతున్నది ఆయనే. రోజుకు నాలుగు వందల ముద్రలు, ఒకే ఊపు, ఒకే చప్పుడు. పార్కు డిప్యూటీ డైరెక్టర్ ఆకారపు నీలకంఠం ఒక మధ్యాహ్నం పక్కగదిలో కూర్చుని ఆ చప్పుడు విని, ఇంతకన్నా అర్హుడు దొరకడని ఫైలు మీద రాశాడు. ఎర్ర టోపీ ఒకటి, పసుపు కోటు ఒకటి, టేకు సుత్తి ఒకటి మంజూరయ్యాయి. చెట్టెక్కడం రాదని వీరేశం రాసిచ్చాడు. దాంతో చెరువు గట్టున పన్నెండడుగుల ఇనుప స్తంభం పాతి, నిచ్చెన వేసి, పైన నిలబడటానికి అరుగు, చుట్టూ కడ్డీలు, కొట్టుకోవడానికి ఒక చెక్క బిగించారు. ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా అక్కడ పిట్ట పని. తర్వాత ఇంటికెళ్లి స్నానం చేసి, పదిన్నరకల్లా ఆఫీసులో ముద్రల పని.

పార్కులో ఇలాంటి ఇన్‌చార్జి పక్షులు మొత్తం పద్నాలుగు. గుడ్లగూబ బాధ్యతలు నైట్ వాచ్‌మన్ చూస్తాడు, ఆయన ఎలాగూ మేలుకునే ఉంటాడు. చెరువులో గుర్రపుడెక్క తీయించే మేస్త్రి నీళ్లలోనే నిలబడి ఉంటాడు కాబట్టి కొంగ చార్జి ఆయనకిచ్చారు. ఎవరేం అడిగినా ఒకే జవాబు చెప్పే విచారణ కౌంటరు గుమస్తాకు రామచిలుక చార్జి వచ్చింది. కోకిల చార్జి మైకులో ప్రకటనలు చదివే లలితమ్మది. కోకిలకు సొంత గూడు ఉండదు గనుక ఆమెకు కుర్చీ మంజూరు కాలేదు. ఏ సెక్షన్లో ఎవరు సెలవు పెడితే వాళ్ల కుర్చీలో కూర్చుని కూస్తుంది. నిజం చెప్పాలంటే పాత పక్షుల కన్నా వీళ్లే నయం. వేళకు వస్తారు, రాలేకపోతే సెలవు చీటీ పంపిస్తారు.

ఇంత శ్రద్ధ ఎందుకంటే, నగరం నడిబొడ్డున నూట ఇరవై ఎకరాలు ఊరికే ఉండవు. ఏటా మార్చి చివరి ఆదివారం జరిగే గణనలో అరవై రకాల పక్షులు కనిపిస్తేనే అది పక్షుల పార్కు. ఒక్కటి తగ్గినా ఖాళీ స్థలాల జాబితాలోకి పోతుంది. అలా పోయిన మర్నాడే పని మొదలుపెట్టడానికి వీలుగా అయిదంతస్తుల కార్ల పార్కింగ్ నమూనా ఎప్పుడో తయారై ఉంది. ఇన్‌చార్జిలను తీసేస్తే పార్కులో మిగిలేది నలభై ఆరు రకాలే.

గణన పత్రం మీద సంతకం ఉద్యోగిది కాకూడదు, పక్షుల్ని చూసే మనిషిది కావాలని నియమం. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ సంతకం పెరుమాండ్ల సుగుణది. జువాలజీ లెక్చరరుగా రిటైరైంది, పార్కు పక్షి పరిశీలకుల సంఘానికి కార్యదర్శి. చూడని పిట్టను చూశానని ఎవరైనా అంటే వాళ్లతో వారం రోజులు మాట్లాడదు. దూరంగా ఎగిరిపోయే పిట్టను రెక్క ఊపుతో గుర్తుపడుతుంది. అలాంటి మనిషి ముందు పోయినేడు నీలకంఠం పద్నాలుగు పేర్ల జాబితా పెడితే, ఆమె పెన్ను మూత కూడా తీయలేదు. ఆయన వాదించలేదు. జాబితా పక్కనే పార్కింగ్ నమూనా పరిచి, టీ తెప్పించాడు.

సుగుణ ఆ నమూనాను టీ చల్లారేదాకా చూసింది. తోట అంటూ ఉంటే పిట్టలు ఎప్పటికైనా తిరిగొస్తాయి, తోటే లేకపోతే ఎక్కడికొస్తాయి అనుకుంది. వడ్రంగి పిట్ట గడిలో ఒకటి అని రాసింది, మిగతా పదమూడు గడులూ నింపి సంతకం పెట్టింది. ఆ లెక్కన వీరేశం అధికారికంగా వడ్రంగి పిట్ట అయ్యాడు. పార్కు నిలబడింది. సంఘం సభ్యులు సుగుణకు శాలువా కప్పారు.

ఆ తర్వాత జరిగిందంతా రూల్సు ప్రకారమే జరిగింది. ఇన్‌చార్జి పక్షులకు చెట్లతో పని లేదు, పని లేని చెట్లు నిర్వహణకు భారం, కనుక వాటిని తొలగించవచ్చని సర్క్యులర్ వచ్చింది. అలాగని డిపార్టుమెంటు దయలేనిదేం కాదు. ఏ పక్షి చెట్టు కొట్టాలన్నా తనకు అభ్యంతరం లేదని ఆ పక్షి రాసివ్వాలి. పదమూడు పక్షులు వారం తిరక్కుండానే రాసిచ్చాయి. వడ్రంగి పిట్ట చెట్టు చెరువు గట్టు మీది ముసలి వేప, ఒక వైపు ఎండిపోయింది. దాని ఫైలు ఫిబ్రవరిలో వీరేశం టేబుల్ మీదికి వచ్చింది.

అదే వారం ఒక ఉదయం వీరేశం స్తంభం మీద నిలబడి కొడుతుంటే, తను కొట్టని చప్పుడు ఒకటి వినిపించింది. సుత్తి ఆపాడు. చప్పుడు ఆగలేదు. వేప చెట్టు ఎండిన కొమ్మ మీద బంగారు రంగు వీపు, ఎర్ర జుట్టు ఉన్న పిట్ట తొర్ర తవ్వుతోంది. పక్క కొమ్మ మీద దాని జత. నాలుగు నెలలుగా పట్టేసిన భుజం వీరేశానికి ముందుగా గుర్తొచ్చింది. రెగ్యులర్ వచ్చేసింది, ఇక చార్జి అప్పగించి చేతులు దులుపుకోవచ్చు. కానీ ఆయన వెంటనే దిగలేదు. అంత చిన్న ముక్కుతో అంత లోతుగా ఎలా కొడుతోందో చూస్తూ ఎనిమిదిన్నర దాకా అక్కడే ఉండిపోయాడు. ఇన్నాళ్లూ తాను కొట్టింది కొట్టడమే కాదని అర్థమై కొంచెం సిగ్గుపడ్డాడు కూడా.

“మేడం, అసలు మనిషి వచ్చిండు,” అన్నాడు, సుగుణను వెతుక్కుంటూ పోయి.

సుగుణ బైనాక్యులర్స్‌లోంచి చూసింది. రెండేళ్ల తర్వాత తిరిగొచ్చింది, తను నమ్మినట్టే. ఆమెకు ఆనందంతో కళ్లు చెమర్చాయి. వీరేశం అప్పటికే చార్జి అప్పగింత పత్రం మూడు కాపీలు రాయడం ఎలాగో ఆలోచిస్తున్నాడు. అప్పగించేవారు చింతకింది వీరేశం, స్వీకరించేవారు వడ్రంగి పిట్ట. పిట్టకు సంతకం చేయడం రాదు కాబట్టి, ఇది ఫలానా పిట్టే అని గుర్తింపు పొందిన పరిశీలకులు ధ్రువీకరణ పత్రం ఇస్తే చాలు. నగరంలో అలాంటి పరిశీలకురాలు సుగుణ ఒక్కతే.

ఇద్దరూ కలిసి నీలకంఠం దగ్గరికి వెళ్లారు. ఆయన పక్షుల మీద ప్రేమలేని మనిషి కాడు, తన ఆఫీసు కిటికీలో రోజూ గింజలు పోయిస్తాడు. అంతా ఓపిగ్గా విన్నాడు.

“వచ్చిందంటే నేను కాదంటలేను మేడం,” అన్నాడు. “రెండేండ్లు చెప్పకుండ పోయి, ఇప్పుడొచ్చి కొమ్మ మీద కూసుంటె జాయినయినట్టు గాదు. అయినా సరే, మీరు అది వడ్రంగి పిట్ట అని రాసియ్యండి, ఇయ్యాల్నే వీరేశాన్ని రిలీవ్ చేస్త. మరి పోయినేడు మీరు రాసింది ఎవర్ని?”

నీలకంఠం మెల్లగా వివరించాడు. ఈ పత్రం నిజమైతే పోయినేటిది అబద్ధం. ఒక ఇన్‌చార్జి అబద్ధమైతే పద్నాలుగు మందీ అబద్ధం. అప్పుడు పార్కులో ఉన్నవి ఈ పిట్టతో కలిపి నలభై ఏడు రకాలు. పోయినేటి గణన రద్దవుతుంది, నమూనా బయటికి వస్తుంది, వేప చెట్టుతో సహా నూట ఇరవై ఎకరాలూ పోతాయి. ఒక్క చెట్టా, మొత్తం తోటా అన్నది మేడమే తేల్చుకోవాలి, ఆమె మీద తమకు పూర్తి నమ్మకం ఉంది, అన్నాడు. మళ్లీ టీ తెప్పించాడు.

నెల రోజులు గడిచాయి. తొర్ర పూర్తయింది. పిట్టలు వంతులవారీగా లోపలికి పోయి కూర్చున్నాయి. మార్చి మూడో వారంలో అవి నోట పురుగులతో రావడం మొదలైంది. లోపల పిల్లలున్నాయన్న మాట. సుగుణ రోజూ చెట్టు కిందికి వెళ్లి వాటి రాకపోకలు తన సొంత నోటుబుక్కులో రాసుకుంది. అది అధికారిక పత్రం కాదు, అందులో ఏం రాసినా ఎవరికీ నష్టం లేదు. ఇంటికొచ్చి రెండుసార్లు ధ్రువీకరణ పత్రం రాసింది, రెండుసార్లూ చింపింది. తాను పిరికిదాన్నా, తెలివైనదాన్నా అని ముప్పై ఒక్క ఏళ్లలో ఆమెకు ఎన్నడూ సందేహం రాలేదు, ఇప్పుడు వచ్చింది.

చెట్టు కొట్టే తేదీ గణనకు ముందరి గురువారంగా ఖరారైంది. వీరేశం అభ్యంతరం చెప్పవచ్చు. అయితే ఆ చెట్టులో తనకు గూడు ఉన్నట్టు రుజువు చూపించాలి. ఆయన భార్యతో కలిసి రెండు గదుల క్వార్టర్లో ఉంటున్నట్టు రికార్డులో ఉంది. మంగళవారం ఉదయం డ్యూటీ దిగాక, ఎర్ర టోపీ చేతిలో పట్టుకుని సుగుణ దగ్గరికి వచ్చాడు.

“మీరు కాయితం ఇస్తే నేను సంతకం పెట్టే పనే ఉండదు మేడం. మీరు ఇయ్యకుంటె పెట్టనంటానికి నేనెవర్ని?”

“ఆదివారం గణన అయిపోనీ వీరేశం, తర్వాత ఆలోచిద్దాం,” అంది సుగుణ.

“చెట్టు గురువారం మేడం.”

సుగుణ చెరువు వైపు చూసింది. వీరేశం టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆమె మీద ఆయనకు కోపం రాలేదు. ఆమె స్థానంలో ఉంటే తనూ అంతే చేసేవాడినని ఇంటికెళ్లాక భార్యతో అన్నాడు. బుధవారం మధ్యాహ్నం అభ్యంతరం లేదని వడ్రంగి పిట్ట హోదాలో సంతకం చేశాడు. కాగితం ఇన్‌వర్డ్ సెక్షన్‌కు వచ్చింది కాబట్టి దాని మీద తేదీ ముద్ర కూడా ఆయనే కొట్టాడు.

గురువారం పదకొండు గంటలకల్లా పని ముగిసింది. తొలగించిన వస్తువుల రిజిస్టరులో వేప చెట్టు ఒకటి, ఎండు కొమ్మలు మూడు బళ్లు, ఇతరములు రెండు అని నమోదైంది. ఆ రెండూ ఏమిటని ఎవరూ అడగలేదు, రిజిస్టరులో అలాంటి గడి లేదు. సుగుణ ఆ రోజు పార్కుకు వెళ్లలేదు. అన్నం కలుపుకుని తినలేక అవతల పెట్టేసింది. మధ్యాహ్నమంతా ఏడ్చింది. సాయంత్రానికి మొహం కడుక్కుని, ఆదివారం సభ్యులకు పంచాల్సిన గణన పత్రాలు సర్దింది. ఎవరి పని వారికి ఉంటుంది కదా.

ఆదివారం గణనకు నలభై మంది సభ్యులు వచ్చారు. ఎన్నో ఏళ్లుగా ఇంత చక్కగా గణన జరగలేదని అందరూ అనుకున్నారు. కొంగ మోకాలి లోతు నీళ్లలో కదలకుండా నిలబడింది. గుడ్లగూబ డ్యూటీ అయిపోయినా ఇంటికెళ్లకుండా ఫొటోలకు నిలబడింది. కోకిల మైకులో మూడుసార్లు కూసింది. ఏడున్నరకల్లా యాభై తొమ్మిది రకాలు పూర్తయ్యాయి. ఇక మిగిలింది ఒక్కటే. నీలకంఠం ముందు నడుస్తుంటే అందరూ చెరువు గట్టు మీది ఇనుప స్తంభం దగ్గరికి చేరారు.

వాళ్లు ఇంకా పది అడుగుల దూరంలో ఉండగానే చప్పుడు మొదలైంది. చెక్క మీది చప్పుడు కాదు, ఇనుము మీది చప్పుడు. నలభై జతల బైనాక్యులర్స్ పైకి లేచాయి. వీరేశం ఎర్ర టోపీ పెట్టుకుని కడ్డీకి ఆనుకుని ఉన్నాడు, రెండు చేతులూ కట్టుకుని ఉన్నాడు, సుత్తి కొక్కేనికి వేలాడుతోంది. ఆయన కాళ్లకు నాలుగడుగుల కింద, నున్నటి ఇనుప గొట్టాన్ని గోళ్లతో పట్టుకుని జారుతూ, మళ్లీ ఎగబాకుతూ, ఒక్క పిట్ట కొడుతోంది. దాని జత కనిపించలేదు. ఇనుము మీద ఎక్కడా చిన్న సొట్ట కూడా పడటం లేదు.

అందరికీ కనిపించింది. నీలకంఠం గడియారం చూసుకున్నాడు. సుగుణ పెన్ను కాగితం మీద ఆనించి, రాయకుండా నిలబడింది. వీరేశం పైనుంచి ఆమెను చూశాడు, తర్వాత కిందికి పిట్టను చూశాడు. సుత్తి తీసుకున్నాడు. చెక్కను వదిలేసి ఇనుప కడ్డీ మీద కొట్టసాగాడు, పిట్ట ఎంత వేగంతో కొడితే అంత వేగంతో, అది ఆగినప్పుడు ఆగి, అది మొదలెట్టినప్పుడు మొదలెట్టి. కాసేపటికి ఏ చప్పుడు ఎవరిదో తెలియకుండా పోయింది.

సభ్యులకు ఊపిరి వచ్చింది. అందరూ పెన్నులు తీశారు. కొత్తగా చేరిన సభ్యురాలు ఒకామె, తప్పు రాస్తానేమోనన్న భయంతో, వడ్రంగి పిట్టలు ఎన్ని అని వేయాలో సుగుణను అడిగింది.

“ఒకటి,” అంది సుగుణ.