సృష్టి సయోధ్య శాఖ

సృష్టి విషయంలో సైన్సుకూ దైవభక్తికీ వందల ఏళ్లుగా నడుస్తున్న తగాదాను తొంభై రోజుల్లో తీర్చేస్తామని మంత్రిగారు ప్రకటించినప్పుడు పక్కన మైకు పట్టుకున్నది నేనే. ఎందరో మహామహులు జోలికి పోని పనిని ఆయన భోజనానికి ముందే నెత్తికెత్తుకున్నారు. సాయంత్రానికల్లా సృష్టి సయోధ్య శాఖ, దానికో భవనం, నలభై ఇద్దరు సిబ్బంది సిద్ధం. అందులో టైపిస్టుని నేను.

మొదటి విచారణకు జీవశాస్త్రం ప్రొఫెసరమ్మనూ, ఊళ్లో పేరున్న మతగురువునూ పిలిపించారు. ఇద్దరూ ఒకే స్కూటరు మీద దిగారు. అక్కాతమ్ముళ్లట!

మంత్రిగారు తొణకలేదు. "గురువుగారూ, మనిషి కోతి నుంచి పుట్టాడని మీ అక్కగారు పాఠం చెబుతున్నారు. మీరెలా ఊరుకుంటున్నారండీ?"

"కోతి నుంచి కాదండీ," అంది ప్రొఫెసరమ్మ. "కోతికీ మనకీ ముత్తాత ఒకడే అంటాం."

"మా తాతను చూసినవాళ్లెవరూ అది కాదనలేదు," అన్నాడు గురువు.

"పోనీ మీరు చెప్పండమ్మా. ఈయన అంతా దేవుడే చేశాడంటున్నాడు. మీ ల్యాబుకి అవమానం కాదూ?"

"ఎలా జరిగిందన్నది నా గొడవ. ఎవరు చేయించారన్నది వాడి గొడవ. నాకు నా గొడవే తెమలదండీ. లెక్కపెట్టి ఇన్ని రోజుల్లోనే సృష్టి అయిపోయిందని పట్టుబట్టేవాళ్లతో మాత్రం పేచీ ఉంది."

"వాళ్లతో నాకూ పేచీయే," అన్నాడు తమ్ముడు.

కార్యదర్శి మంత్రిగారి చెవిలో గొణిగాడు. "తగాదా లేకపోతే ఫైలు లేదు సార్. ఫైలు లేకపోతే శాఖ లేదు."

నలభై రెండు గుండెలు గుభేలుమన్నాయి. నాది కాస్త గట్టిగా. నా ఉద్యోగం పర్మనెంటని మా ఆవిడ అప్పటికే పుట్టింటికి ఫోన్ చేసేసింది.

"తగాదా ఉంది. లోలోపల ఉంది," అన్నారు దూరదృష్టి గల మంత్రిగారు. మర్నాటి నుంచి నోటుబుక్కుతో సహా నన్ను ఆ అక్కాతమ్ముళ్ల వంటింట్లో నియమించారు.

ఆరు రోజులు ఏమీ జరగలేదు. అక్కాతమ్ముళ్లు కబుర్లాడుకున్నారు, నాకు కొసరి కొసరి వడ్డించారు. ఏడో రోజు పొద్దున్నే ప్రొఫెసరమ్మ కేకేసింది.

"ఒరేయ్, మళ్లీ కుళాయి కట్టలేదా! ట్యాంకు ఖాళీ!"

"నేను కాదక్కా. గిన్నెలు కడిగింది నువ్వే."

"నోర్ముయ్!"

అక్షరం పొల్లుపోకుండా రాసుకుని ఆఫీసుకి పరిగెత్తాను. మంత్రిగారు నన్ను కౌగిలించుకున్నారు. మర్నాడు పేపర్లనిండా అదే వార్త: 'సైన్సు, మతం మధ్య ఘర్షణ నిజమే. ఆధారాలు దొరికాయి.'

మంత్రిగారి మెడలో దండ వాడకముందే నీటిపారుదల మంత్రిగారి నుంచి లేఖ వచ్చింది. అది నీటి తగాదా కనుక ఫైలు తమ శాఖకు పంపాలట. మా మంత్రిగారు ససేమిరా అన్నారు. క్యాబినెట్లో ఇద్దరూ చొక్కాలు పట్టుకున్నారు.

"సృష్టంటే నీకేం తెలుసయ్యా?"

"నీకు కుళాయి తిప్పడం వచ్చా?"

విడదీయబోయిన మంత్రులు కూడా రెండు వర్గాలైపోయారు. ప్రభుత్వం పడిపోయేలా ఉంది. ముఖ్యమంత్రిగారు తల పట్టుకుని, పోట్లాడుకోకుండా ఒకచోట కూర్చోగలిగిన ఇద్దరిని వెతికి కమిటీ వేయమన్నారు. మూడు రోజులు వెతికారు.

ఉత్తర్వు నేనే టైపు చేశాను. మంత్రులిద్దరి మధ్య సయోధ్య కుదిర్చే కమిటీ. సభ్యులు: ప్రొఫెసరమ్మ, మతగురువు.