తుమ్మకొమ్మ మీద విదేశీ అతిథి

"ప్రకృతిని ప్రేమించలేని ఉద్యోగి ప్రజలను ప్రేమించలేడు. కావున ఈ చలికాలమంతా ప్రతి ఆదివారం తెల్లవారగానే సిబ్బంది యావన్మందీ ఊరి బయటి తోపులో నడిచి పక్షులను, పూలమొక్కలను ప్రేమించవలెను. ప్రేమించనివారు లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకోవలెను!"

పెద్దసారు సంతకంతో ఈ హుకుం నోటీసుబోర్డు ఎక్కిన నాటినుంచీ ఆ ఆఫీసులో ప్రకృతిని ప్రేమించనివాడు లేడు. అందరికన్నా బరువుగా ప్రేమించినవాడు మాత్రం తపాలా చూసే గుమాస్తా. టీ ఫ్లాస్కు మోసే భాగ్యం అతనిది. అందుకని ఆఫీసంతా అతన్ని ఫ్లాస్కు అనే పిలిచేది.

ఫ్లాస్కు భార్య వేరే ఊళ్లో నర్సు. వాళ్ల పాపకి నాన్నంటే ఫోనులోంచి వచ్చే దగ్గు. ఆ ఊరికి బదిలీ ఇప్పించమని పెట్టుకున్న ఫైలు పెద్దసారు బల్లమీద గాజుగుండు కింద కూర్చుని ఉంది. ఒక్క సంతకం పడితే చాలు.

తోపులో నడకకి ఒక పద్ధతి ఉండేది. దుర్భిణి ఒక్కటే. పిట్ట కనబడగానే ముందు పెద్దసారు చూస్తారు. తర్వాత చిన్నసారు, ఆ తర్వాత సూపరింటెండెంటు, అకౌంటెంటు, అలా హోదా ప్రకారం దిగుతూ చివరికి ఫ్లాస్కు చేతికి వస్తుంది. పిట్టలకి హోదాలు తెలియవు. అతని వంతు వచ్చేసరికి కొమ్మ ఒక్కటే మిగిలేది. అయినా "ఆహా, ఎంత ముద్దుగా ఉందండీ!" అనేవాడు ఖాళీ కొమ్మని చూసి. పూలకి ఈ బాధ లేదు, ఎగిరిపోవు కనుక. పైగా సూపరింటెండెంటు ముందురోజు సాయంత్రమే వెళ్లి, పెద్దసారు కనిపెట్టడానికి వీలుగా, దారి పక్కన ఒక చామంతిని దాచి వచ్చేవాడు. ఒకసారి కుండీ తీయడం మరిచాడు. "చూశారా! అడవిలో ఇది కుండీతో సహా పెరుగుతుంది," అన్నారు పెద్దసారు. అందరూ రాసుకున్నారు.

ఆ చామంతి దగ్గరే ఫ్లాస్కుకి శని పట్టింది. పువ్వుని తాకి చూద్దామని పెద్దసారు కుడిచేతి గ్లౌజు తీసి అతనికిచ్చారు. శ్రీమతిగారు స్వహస్తాలతో అల్లిన నీలం ఉన్ని గ్లౌజు. నీలం ఉన్ని చాలక బొటనవేలు మాత్రం ఎర్రది అల్లారు. టీ పొయ్యడానికి ఫ్లాస్కు దాన్ని కంచె మీద పెట్టాడు. తిరిగి చూస్తే కంచె ఉంది, దానిమీద కాకి ఉంది, గ్లౌజు లేదు. అతను చూస్తుండగానే కాకీ లేదు.

"అది దొరికేదాకా నీ ఫైలు కదలదు," అన్నారు పెద్దసారు. "ఇంట్లో నేనేం సమాధానం చెప్పుకోవాలయ్యా?"

మరుసటి ఆదివారం ఆయన ఎడమచేతికి మిగిలిన గ్లౌజు తొడుక్కునే వచ్చారు. ఫ్లాస్కుని చూసినప్పుడల్లా ఆ చేతిని కాస్త పైకెత్తేవారు.

మంచు ఇంకా విడవలేదు. తుమ్మచెట్టు ముందు పెద్దసారు హఠాత్తుగా ఆగిపోయి గుసగుసగా, అంటే తోపంతా వినబడేలా, "నిశ్శబ్దం!" అన్నారు. ఉన్న పిట్టలన్నీ లేచిపోయాయి. ఒక్కటి మాత్రం చిటారుకొమ్మన కదలకుండా ఉంది.

"చూశారా దాని నిబ్బరం!" దుర్భిణి కళ్లకి ఆనించుకున్నారు. "నీలిపిట్ట. మన దేశానిది కాదు. చలికి వలస వచ్చింది. నెత్తిన జుట్టు చూడండి, నాలుగు పాయలు!" అంటూ గ్లౌజు తొడిగిన చేత్తో దానికేసి చూపించారు.

చిన్నసారు చూశాడు. "అవునండీ! తోక ఊపుతోంది."

సూపరింటెండెంటు చూశాడు. "ఎర్రముక్కండీ! ఎంత వంపు!"

అకౌంటెంటు చూశాడు. ఆయనకేమీ మిగల్లేదు. "పాడబోతోందండీ," అన్నాడు.

దుర్భిణి ఫ్లాస్కు దగ్గరికి వచ్చింది. జన్మలో మొదటిసారి అతని వంతుకి కూడా పిట్ట కొమ్మమీదే ఉంది. చూశాడు. దుర్భిణి దించి పెద్దసారు ఎడమచేతిని చూశాడు. మళ్లీ ఎత్తి కొమ్మని చూశాడు. తుమ్మముల్లుకి తగులుకుని, నాలుగు నీలం వేళ్లు ఆకాశంలోకి చాపి, అతని బదిలీ వేలాడుతోంది!

దొరికింది అందామంటే ఇంతమంది పెద్దల కళ్లు తప్పవుతాయి. అనకపోతే ఫైలు కదలదు.

"ఏమయ్యా, కనబడిందా?" అన్నారు పెద్దసారు.

"కనబడిందండీ."

"ఏం కనబడింది? చెప్పు, అందరూ రాసుకుంటారు."

"బొటనవేలండీ," అనేశాడు ఫ్లాస్కు.

రాసుకోబోయిన కలాలన్నీ ఆగిపోయాయి.

"పిట్టలకి బొటనవేళ్లేమిటయ్యా, మతిపోయిందా!" సూపరింటెండెంటు కసిరాడు.

పెద్దసారు తన ఎడమచేతిని ఒకసారి చూసుకున్నారు. కొమ్మని చూశారు. ఆ చేతిని మెల్లగా కోటుజేబులోకి దించుకున్నారు.

"పాపం, మంచుకి కళ్లు చెదిరి ఉంటాయి," అన్నారు. "పదండి."

ఆ సాయంత్రం ఫ్లాస్కు భార్యకి ఫోను చేశాడు. "నోరు జారానే. ఇక మన ఫైలు ఆశ వదులుకో."

"ఎంత పని చేశారండీ! పిట్టని పిట్ట అంటే ఏం పోయింది?"

"పిట్టయితే అననా?"

సోమవారం ఆఫీసు తెరవగానే పెద్దసారు కబురు పెట్టారు. ఫ్లాస్కు వెళ్లాడు. ఆయన తల ఎత్తకుండా ఒక కాగితం తోశారు. "కంటిచూపు మందగించి, లేనివి ఉన్నట్టు కనబడుతున్న కారణంగా ఈ గుమాస్తా ప్రకృతి పరిశీలనకు పనికిరాడని తేలినందున, అతడు కోరుకున్న ఊరికి తక్షణమే బదిలీ చేయడమైనది." కింద సంతకం!

"ఈ రాత్రి బండికే వెళ్లిపో," అన్నారు పెద్దసారు. "అక్కడ మంచి కళ్ల డాక్టరుకి చూపించుకో."

"అలాగేనండీ. నిజంగానే ఏమీ సరిగ్గా కనబడటం లేదండీ," అన్నాడు ఫ్లాస్కు. ఆ మాట అబద్ధం కాదు, కళ్లలో నీళ్లు నిండాయి మరి.

బయటికి రాగానే సూపరింటెండెంటు చెయ్యి పట్టుకుని గోడవారకి లాక్కెళ్లాడు.

"నిన్న నాకూ కనబడింది బాబూ. ఉన్ని కుట్లతో సహా. ఒట్టు!"

"మరి ఎర్రముక్కు అన్నారు కదండీ?"

"చిన్నసారు అప్పటికే తోక ఊపించేశాడు. తోక ఊపేదానికి ముక్కుండొద్దూ? అది సరేగానీ, మా అమ్మాయి వాళ్ల ఊరికి నాలుగేళ్లుగా అడుగుతున్నాను. నాక్కూడా చూపు మందగించిందని చెబితే రాస్తారంటావా?"

ఫ్లాస్కు తలెత్తి చూశాడు. పెద్దసారు గది తలుపు ముందు అప్పటికే అకౌంటెంటు కళ్లు నులుముకుంటూ నిలబడి ఉన్నాడు. ఆయన్ని మోచేత్తో నెట్టుకుంటూ చిన్నసారు గోడ తడుముతున్నాడు. ఈసారి హోదాల లెక్క లేదు. ఎవరు ముందు వెళితే వాళ్లకే చూపు తక్కువ!