తిట్లకు కరువొచ్చిన చవితి

వినాయక చవితి నాడు పొద్దున్నే తలంటు పోసుకుంటూ అయ్యన్న గట్టిగా అనుకున్నాడు, ఈ రోజు చచ్చినా చంద్రుడి మొహం చూడకూడదని. మరునాడు ఊరి పెద్దలు చావడిలో కూర్చుని పంచాయతీ ప్రెసిడెంటు ఎవరో తేల్చబోతున్నారు. పోటీ వద్దు, కొట్లాట వద్దు, ఒక్క పేరు అనుకుందామన్నారు. ఆ పేరు తనదేనని అయ్యన్నకు నమ్మకం. కర్నూల్లో డేరాల కింద రాష్ట్రమే నడుస్తున్న రోజులవి. పత్తికొండ దగ్గర ఒక పల్లెను తాను నడపలేడా? ఊళ్ళో అందరికంటే పెద్ద మిద్దె ఆయనది, అందరికంటే పెద్ద గొంతూ ఆయనదే. ఇలాంటి సమయంలో చవితి చంద్రుణ్ణి చూసి నీలాపనిందల పాలైతే ఎలా? అసలు ఆయన గురించి చెప్పుకోవడానికి ఊళ్ళో నిజాలే బోలెడున్నాయి, నిందల కోసం చంద్రుడి దాకా పోవలసిన పనిలేదు. ఆ సంగతి ఆయనకు చెప్పేవాళ్ళు లేరు.

భార్య సోమక్క నల్లరేగడి మట్టితో వినాయకుణ్ణి చేసింది. పూజకు ఇరవై ఒక్క రకాల ఆకులు కావాలి. వానలు లేని ఆ నేలలో అన్ని రకాలు ఎక్కడివి? పురోహితుడు పేర్లన్నీ చదివాడు, అయ్యన్న ప్రతి పేరుకూ వేపాకే వేశాడు. వినాయకుడు ఏమీ అనలేదు. తర్వాత కథ మొదలైంది. వినాయకుడి బొజ్జ చూసి చంద్రుడు నవ్వడం, పార్వతికి కోపం రావడం, నీ మొహం చూసినవాళ్ళు నిందలపాలు కావాలని శపించడం, ఇంతవరకు అయ్యన్న బాగానే విన్నాడు. కృష్ణుడంతటి వాడు మణి దొంగిలించాడన్న నింద మోసి, దాన్ని ఎలా పోగొట్టుకున్నాడో చెప్పే చోటికి వచ్చేసరికి, పస్తున్న నీరసానికి గోడకు ఆనుకుని గురక పెట్టాడు. అక్షింతలు నెత్తిన పడ్డాయి గానీ కథ చెవిన పడలేదు.

పొద్దు వాలగానే తలుపులు వేయించుకుని లోపల కూర్చున్నాడు. కానీ మధ్యాహ్నం తిన్న కుడుములు ఆయన్ని కూర్చోనివ్వలేదు. చెంబు పట్టుకుని, నెత్తిన దుప్పటి కప్పుకుని, తన కాలివేళ్ళు తానే చూసుకుంటూ బయటికి వచ్చాడు. పక్కింటి ఈరక్క వాకిట్లో నిలబడి ఉంది. ఒంటరి ముసలిది. ఆమె నోటికి చుట్టుపక్కల ఊళ్ళలో కూడా పేరుంది.

"అయ్యన్నా, తలెత్తొద్దప్పా! చింతచెట్టు పైన చంద్రుడుండాడు!" అని అరిచింది.

"యాడ?" అని అయ్యన్న తలెత్తాడు.

ఈరక్క అబద్ధం చెప్పలేదు. చంద్రుడు అక్కడే ఉన్నాడు.

"నీ నోరు పడిపోను! మరి నువ్వూ చూసినావు గదా?"

"నాకేమప్పా! నా మీద కొత్తగా వేసేదానికి ఇంకేం నింద మిగిలుండాది?"

అయ్యన్న వచ్చిన పని కూడా మరిచిపోయి ఇంట్లోకి పరుగెత్తాడు. సోమక్క సంగతంతా విన్నది.

"కథన్నా సరిగ్గా వింటివా?"

"శాపం దాకా వింటి."

"మందు చెప్పే కాడ నిద్రపోతివి. ఇంకొకటే దారి. ఎవురి మిద్దె మీదన్నా రాయేసి తిట్టిచ్చుకో. తిట్లు తింటే దోషం పోతాదని మా అవ్వ చెప్తాండె."

"పెసిడెంటు అయ్యేటోన్ని, తిట్లు తినాల్నా?"

"అయినాంక ఎట్లాగూ తినేవే గదా. రోంత ముందు తిను."

తినేదేదో మంచి చేతి వంటే తినాలని అయ్యన్న ఈరక్క మిద్దెనే ఎంచుకున్నాడు. ఒక రాయి విసిరాడు. మట్టి మిద్దె, చప్పుడు కాలేదు. ఇంకాస్త పెద్దది విసిరాడు. అది వెలుతురు కోసం వదిలిన గవాక్షంలోంచి దూరి, లోపల మజ్జిగ కుండను పగలగొట్టింది. ఈరక్క "నీ..." అంటూ దూసుకొచ్చింది. ఎదురుగా అయ్యన్నను చూసి మిగతాది మింగేసింది.

"నువ్వా అప్పా! ఎవురో అనుకొంటి."

"కుండ పగలగొడితి. తిట్టక్కా!"

"అయ్యో, నిన్నా? పెసిడెంటు అయినాంక మా వీధికి బాయి తవ్విస్తానంటివి. బాయిలో నీళ్ళు పడేదాకా నిన్ను ఒక్క మాట అననప్పా. అన్నీ దాచిపెట్టినా."

ఇక మిగిలింది బొజ్జన్న. ప్రెసిడెంటు కావాలని ఆయనకూ ఆశ ఉంది, ఎటు చూసినా తిట్టవలసినవాడే. అయ్యన్న నేరుగా వెళ్ళి, బొజ్జన్న కళ్ళ ముందే ఆయన ఎద్దు పలుపు విప్పి, వీపు మీద ఒక్కటిచ్చాడు. ఎద్దు చీకట్లోకి పరుగెత్తింది.

"ఏమప్పా, మా ఎద్దు ఏం జేసె?" అన్నాడు బొజ్జన్న అరుగు మీది నుంచి.

"ఏం జేయలే. ఊరికే తోలేసినా. తిట్టు!"

బొజ్జన్న ఆలోచించాడు. పండగ పూట ఇంటికొచ్చినవాణ్ణి తిట్టాడన్న మాట రేపు చావడిలో తన మీద పడుతుంది. ఇదేదో ఎత్తు.

"మా ఎద్దేంది, మీ ఎద్దేంది అప్పా! కూచో, కుడుములు తిందువు."

తిట్లు తినడానికి వెళ్ళినవాడు కుడుములు తిని తిరిగొచ్చాడు.

తెల్లవారేసరికి ఎద్దు తిరిగి రాలేదు గానీ దాని కథ ఊరంతా తిరిగింది. అయ్యన్న బొజ్జన్న ఎద్దును తోలుకుపోయాడని ఒక వీధి అంది. జత ఎద్దులనూ బండితో సహా తోలుకుపోయాడని, పోతూ పోతూ ఈరక్క మిద్దె కూలగొట్టాడని పక్క వీధి అంది. అయ్యన్న పంచె ఎగ్గట్టి కొట్లాటకు బయలుదేరాడు. సోమక్క అడ్డం నిలబడింది.

"నిన్న అడుక్కున్నా దొరకలే. ఈ పొద్దు వాళ్ళే పెడతాండారు. నోరు మూసుకోని తిను. ఎదురు మాట్లాడితివా, దోషం పోదు."

అయ్యన్న చావడిలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. బొజ్జన్న "ఎద్దు దొంగ!" అని మొదలుపెట్టాడు. అయ్యన్న వినయంగా "ఇంకా?" అన్నాడు. అంత పెద్దమనిషి నోరెత్తకపోయేసరికి అందరికీ ధైర్యం వచ్చింది. "నీ గట్టు రాయి ఏటేటా నా చేన్లోకి నడిచొస్తాండాది. రాళ్ళకు కాళ్ళుంటాయా?" అన్నాడొకడు. వంక నీళ్ళన్నీ మళ్ళించుకున్నావని ఇంకొకడు లేచాడు. ప్రతిదానికీ అయ్యన్న "ఇంకా?" అంటూనే ఉన్నాడు. ఆడవాళ్ళలో నిలబడ్డ ఈరక్క ఇదంతా చూసి, ఈయన ప్రెసిడెంటు కాడు, బావీ రాదని తేల్చుకుంది. దాచిన మూట విప్పింది. పగిలిన కుండతో మొదలుపెట్టి ఆయన ముత్తాతల దాకా ఎవరినీ వదల్లేదు. దోషం పోతోందన్న ఆనందంతో అయ్యన్న కళ్ళ నీళ్ళు కారాయి. జనం అది పశ్చాత్తాపం అనుకున్నారు.

అంతలో ఒక జీతగాడు పరుగెత్తుకొచ్చాడు. "ఎద్దు దొరికె! అయ్యన్నప్ప శెనక్కాయ చేన్లోనే ఉండాది. సగం చేను మేసిపారేసె!"

అయ్యన్న నోరు తెరిచాడు. బొజ్జన్న ఏడు తరాలకు సరిపడా మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. ఆడవాళ్ళలోంచి సోమక్క దగ్గింది. ఆయన నోరు మూసి, మళ్ళీ తెరిచి, "ఇంకా?" అన్నాడు.

అందరిలోకీ పెద్దవాడైన గిడ్డయ్య లేచి నిలబడ్డాడు.

"సూసినారా అప్పా! సొంత చేను పాయె, దొంగ అనిపించుకునె, ఒక్క మాట ఎదురాడలే. ఇంత ఓర్పు యాడ సూసినాం? ఇదంతా చవితి చంద్రుడు చేసిన పని. ఈ మనిషి మీద పడినవన్నీ నీలాపనిందలే!"

ఎద్దు సంగతి అబద్ధం కాబట్టి మిగిలినవీ అబద్ధాలేనని పెద్దలు తేల్చారు. గట్టు రాయి నడవలేదు, వంక నీళ్ళు మళ్ళలేదు. అంతా చంద్రుడి మాయ. గట్టు రాయి వాడు లేచి క్షమాపణ కూడా చెప్పుకున్నాడు. మేసిన చేనుకు లెక్క ఎవరైనా అడిగేలోపే బొజ్జన్న ఎద్దును తోలుకురావాలంటూ వెళ్ళిపోయాడు. అలా అయ్యన్న, ఎవరూ కాదనకుండా, ప్రెసిడెంటు అయ్యాడు.

పంచాయతీ మొదటి సమావేశంలో ఆయన ఒకే ఒక్క తీర్మానం చేయించాడు: ఇకమీదట ఊరి పొలిమేర లోపల ప్రెసిడెంటును ఎవరూ తిట్టకూడదు.