అందరికీ ఒకే గరిటె

మా ఆయనతో నాకొచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఆయన అన్నం తినరు, తనిఖీ చేస్తారు.

కంచం ముందు కూర్చున్న మనిషి మామూలుగా ఏం చేస్తాడు? ఆకలేస్తే తింటాడు, నచ్చకపోతే సణుగుతాడు. మా ఆయన ముందుగా కంచాన్ని అన్ని వైపుల నుంచీ చూస్తారు. తర్వాత నన్ను చూస్తారు. పెళ్ళయిన కొత్తలో ఆ చూపుని ప్రేమనుకున్నాను. అది నూనె కోసం వెతికే చూపని తెలుసుకోవడానికి, డిగ్రీ ఉండి కూడా నాకు చాలా కాలం పట్టింది.

ఆయన ప్రజారోగ్య పోషకాహార నిపుణుల సంఘానికి కార్యదర్శి. జనం ఏం తినాలో, ఎంత తినాలో, ఎక్కడ ఆపాలో చెప్పడం ఆ సంఘం పని. ఊరికి చెప్పేముందు ఏదైనా ఒకచోట ప్రయత్నించి చూడాలి కదా? ఆ చోటు మా ఇల్లు. అందులో ఉండేది ఆయన, నేను, మా అత్తగారు.

అయినా సరే, నా మాట వినండి. ప్రతి ఇంటికీ ఒక పోషకాహార నిపుణుడు ఉండి తీరాలి. కుళాయి, కరెంటు మీటరు బిగించినట్టే ప్రభుత్వమే ఇంటికొకరిని బిగించి వెళ్ళాలి!

లాభాలు ఒకటా రెండా? మొదటిది, చుట్టాల తాకిడి తగ్గుతుంది. మా చిన్నాడపడుచు ఇదివరకు సెలవులన్నీ మా ఇంట్లోనే గడిపేది. ఒకసారి కేకు ముక్క నోటి దాకా వెళ్ళిందో లేదో, ఈయన వెనకాల నిలబడి, "ఇది కరగాలంటే ఎంత దూరం నడవాలో తెలుసా చెల్లాయ్?" అన్నారు. ఆమె కేకు కింద పెట్టి, బ్యాగు సర్దుకుని, బస్టాండు దాకా నడిచి చూపించింది.

సినిమా ఖర్చు కూడా ఉండదు. సాయంత్రాలు సూపర్ మార్కెట్‌లోనే గడిచిపోతాయి. ఈయన ప్రతి డబ్బానీ వెనక్కి తిప్పి చీమ తలంత అక్షరాలు చదువుతారు. "చూశావా, పంచదారకి మారుపేరు పెట్టి లోపల దాచేశారు" అని దొంగని పట్టుకున్నంత సంబరపడతారు. అక్కడి సెక్యూరిటీ ఆయన మమ్మల్ని చూడగానే నాకో కుర్చీ వేస్తాడు.

ఇరుగుపొరుగుకి చదువు మీద శ్రద్ధ పెరుగుతుంది. మా ఆయన మెట్లు దిగుతున్న చప్పుడు వినగానే పక్కింటి పిన్నిగారు వేయించిన బంగాళాదుంపల పళ్ళెం మీద న్యూస్‌పేపరు కప్పేసి, దాని మీదికి వంగి చదువుతుంటారు. ఒక్కోసారి పేపరు తలకిందులుగా ఉంటుంది. అయినా ఆవిడ ఏకాగ్రత చెదరదు.

సంఘం కమిటీ మీటింగులు మా హాల్లోనే జరుగుతాయి. బల్ల మీద ఉడికించిన కారెట్లు, కీరా ముక్కలు పెడతాను. సభ్యులంతా వాటిని ఎంతో గౌరవంగా చూస్తారు. ముట్టుకోరు. కాసేపటికి కోశాధికారి మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వచ్చి, గొంతు తగ్గించి, "అక్కయ్యా, లోపల ఏమైనా ఉందా?" అంటాడు. బిస్కెట్లు ఇస్తాను. ఆయన మూతి తుడుచుకుని వెళ్ళాడో లేదో, ఉపాధ్యక్షుడికి దాహమేస్తుంది.

ఇలా ఉండగా సంఘం వారు ఒక పెద్ద ఉద్యమం తలపెట్టారు. సగం ఉప్పు, సగం నూనె, సమాన వడ్డన. సమాన వడ్డన కోసం ఒక స్టీలు గరిటె చేయించారు. దాని లోపల ఒక గీత. ఎవరైనా సరే, పూటకి ఆ గీత దాకానే. లావుపాటి వాళ్ళకీ అంతే, బక్కవాళ్ళకీ అంతే. ఇంత చదువుకున్న వాళ్ళు కలిసి ఆలోచిస్తేగాని అంత సులువైన ఉపాయం తట్టదు.

ఆ గరిటె మొదట మా ఇంటికే వచ్చింది. దాని వెనకాలే "ఆదర్శ వంటగది" అని చెక్కిన ఒక షీల్డు కూడా వచ్చింది.

ఇక్కడ నా గురించి కాస్త చెప్పుకోవాలి. కాలేజీలో నేను చదివింది చరిత్ర. సామ్రాజ్యాలు ఎందుకు కూలిపోయాయో పేజీలకి పేజీలు రాశాను గాని, ఒక్క కప్పూ గెలుచుకున్న పాపాన పోలేదు. అలాంటిదాని చేతికి షీల్డు ఇస్తే కాళ్ళు నేల మీద ఆనతాయా? నాకు తెలిసిన రెండు ముక్కలూ పట్టుకుని వీధంతా ఉపన్యాసాలిచ్చాను. పాలాయనకి సోడియం గురించి వివరించాను. మర్నాటి నుంచి ఆయన ప్యాకెట్లు గేటుకి తగిలించి వెళ్ళిపోతున్నాడు.

మరి ఫలితాలు? మా ఆయన పొట్ట ఉన్నచోటే ఉంది. ఆయనకి సెమినార్లుంటాయి, సెమినార్లకి భోజనాలుంటాయి. నేనూ తగ్గలేదు. మధ్యాహ్నాలు పిన్నిగారింటికి పేపరు చదవడానికి వెళ్తుండేదాన్ని.

తగ్గింది ఒక్క మా అత్తగారే.

ఆవిడ బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. పెట్టింది తింటారు, వంక పెట్టరు. మొదటి నుంచీ సన్నటి మనిషి. ఆ సంగతి గరిటెకి ఎవరు చెబుతారు? వేలి ఉంగరం గిన్నెలు కడిగే తొట్టిలోకి జారిపోయింది. బట్టలు భుజాల మీంచి జారడం మొదలైంది. కొడుకు ఆవిడని కాటా మీద నిలబెట్టి, "శభాష్ అమ్మా, మా ఇద్దరికంటే నీకే పట్టుదల ఎక్కువ" అని మెచ్చుకునేవారు. ఆవిడ చిన్నగా నవ్వి, పక్కనున్న కుర్చీ పట్టుకుని కాటా దిగేవారు. మేం పట్టుదల చూశాం. కుర్చీ చూడలేదు.

సంఘం వార్షిక సభ వచ్చింది. టౌన్ హాలు నిండా ప్లాస్టిక్ కుర్చీలు, వేదిక మీద బ్యానరు. ఉద్యమానికి సజీవ సాక్ష్యంగా మా అత్తగారిని పైకి పిలిచారు. ఆ నాలుగు మెట్లూ ఎక్కడానికి మా ఆయన చెయ్యి అందించారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే.

అధ్యక్షురాలు ఆవిడ చేతికి మైకు ఇచ్చి, "ఈ వయసులో ఇంత తగ్గారు. మీ రహస్యం ఏమిటో మా సభ్యులకి చెప్పండమ్మా" అన్నారు.

"రహస్యమేముందమ్మా," అన్నారు మా అత్తగారు. "తినడం మానేశాను."

హాలంతా పకపకా నవ్వింది. కోశాధికారి అయితే కళ్ళు తుడుచుకున్నాడు. క్లాసు సద్దుమణిగేదాకా ఆగే అలవాటు కాబట్టి ఆవిడ ఆగారు.

"సరదాకి అనడం లేదు. నోటికి ఏదీ సయించడం లేదు. గరిటెడు పెడితే అందులో సగం గిన్నెలోకే తిరిగి వెళ్తోంది. ఈ మధ్య ఆకలి కూడా వేయడం లేదు. స్నానానికి వెళ్ళొచ్చి కాసేపు పడుకోవలసి వస్తోంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. వయసు మీరినవాళ్ళు ఊరికే చిక్కిపోతుంటే పొగడకూడదు, భయపడాలి. ఆ సంగతి ఆ హాల్లో తెలియనిదెవరికి? కరపత్రాలు వేసి పంచింది వాళ్ళే. అధ్యక్షురాలు ఆవిడ మణికట్టు పట్టుకుని చూసి, గబగబా ఒక కుర్చీ లాగి కూర్చోబెట్టారు. "రేపు పొద్దున్నే అన్ని పరీక్షలూ చేయిద్దాం" అని మా ఆయనతో అన్నారు. ఆయన వినిపించుకునే స్థితిలో లేరు.

"ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదమ్మా," అన్నారాయన తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని.

"ఎవరికి చెప్పను? నువ్వు రోజూ ఎంత తిన్నావని అడిగేవాడివి. చెప్పేదాన్ని. నీ మొహం వెలిగిపోయేది. ఎలా ఉందని నువ్వూ అడగలేదు, అమ్మాయీ అడగలేదు. సరే, మీకు మంచి పేరొస్తోంది కదా అని ఊరుకున్నాను."

అమ్మాయి అంటే నేనే. ఆ కూర చప్పగా ఉందని నాకు తెలియదా? వండింది నేనే కదా. షీల్డుకి దుమ్ము దులపడంలో తీరిక దొరకలేదు.

కాబట్టి పాఠకులారా, ఇంటికొక నిపుణుడు ఉండాలన్న మాట మీద నేనిప్పటికీ నిలబడే ఉన్నాను. కాకపోతే, ఉద్యమాలు తలపెట్టే ముందు ఆ నిపుణుడు ఒక్క పూట కంచం వదిలేసి దాని ముందు కూర్చున్న మనిషి మొహం చూడాలి. పక్కనున్న ఇల్లాలు కూడా చూస్తే ఇంకా మంచిది.

వేదిక మీద మా ఆయన తల్లి చేతులు పట్టుకుని ఏదో అనబోయారు. ఆవిడ ఒడిలోని మైకు వైపు కళ్ళతో సైగ చేశారు.

"మైకు ఆన్‌లో ఉందిరా. ఇంటికెళ్ళాక చెప్పు."

"ఉండనీ అమ్మా. అందరూ విననీ," అన్నారాయన. "తప్పు నాది."