ఒక గ్రాస్ కండువా

పెడనలో నాగదుర్గ ఆ ఉదయం అద్దకం బల్లలు రెండూ కడిగి ఆరబెడదామనుకుంది. అమ్మ పోయాక వాటి మీద పని లేదు. నెలాఖరులోగా ఒక్క ఆర్డరైనా రాకపోతే బల్లలు తీయించేస్తానని అన్నయ్య నరేంద్ర తేల్చి చెప్పాడు. చీపురు పట్టుకోగానే ఫోను మోగింది. గుడివాడ నుంచి ఇందిరగారు, రిటైరయిన ఇంగ్లీషు టీచరు.

"మా పాత టీచర్లకి సన్మానమమ్మా. కలంకారీ కండువా కావాలి. వన్ గ్రాస్. ఇరవై రోజులు చాలా?"

"ఎందుకు చాలవండీ!" అంటూ నాగదుర్గ క్యాలెండరు వెనక 'కండువా ఒకటి, గడ్డి డిజైను' అని రాసుకుంది.

అచ్చులు చెక్కే కొండయ్య అది చదివి గంభీరంగా తలాడించాడు. "ఏ గడ్డమ్మా? గరికైతే వినాయకుడికి, దర్భయితే తద్దినానికి. తేడా వస్తే మాటపడేది మనమే. కనుక్కో."

నాగదుర్గ మళ్ళీ ఫోను చేసింది. "గ్రాస్ అంటే ఏ గ్రాస్ అండీ?"

ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పిన మనిషిని మాట పుట్టుక అడిగితే ఆగుతుందా? "ఎంత మంచి ప్రశ్నమ్మా! అది ఫ్రెంచిది. పెద్దది అని అర్థం. డజను కూడా అక్కణ్ణించే వచ్చింది."

మర్నాడే కొండయ్య బందరు బస్సెక్కి, ఆ ఫ్రెంచి గడ్డి కోసం అక్కడి ఫ్రెంచిపేట వీధులన్నీ గాలించాడు. ఒక పాత గోడ పక్కన నిలువెత్తు రెల్లుగడ్డి దొరికింది. సరిగ్గా డజను కాడలు లెక్కపెట్టి కోసుకొచ్చాడు. రెండు వారాలు టేకు చెక్క మీద వంచిన తల ఎత్తలేదు. అద్దకమయ్యాక ఆ కండువా చూసి, అమ్మ ఉంటే ఎంత మురిసిపోయేదోనని నాగదుర్గ ఏడ్చేసింది.

సన్మానం రోజు గుడివాడ హాల్లో ఇందిరగారు నాగదుర్గ తెచ్చిన పొట్లం విప్పారు. "మిగతావేవమ్మా?"

"మిగతావేంటండీ?"

"గ్రాస్ అంటే పన్నెండు డజన్లు కదమ్మా! నూట నలభై నలుగురిని పిలిచాను!"

నాగదుర్గ ఇక బల్లలు పోయినట్టేననుకుంది. ఇందిరగారు మాత్రం మైకు అందుకుని, హాజరు పిలిచారు. పేరు పిలిచినవారు రావడం, కండువా వేయించుకోవడం, ఫోటో దిగడం, తీసి ఇచ్చేయడం. అరవై రెండోవారైన శ్యాంబాబు మాస్టారు మాత్రం తీయనని మొండికేశారు. ఇద్దరు హెడ్మాస్టర్లు కలిసి విడిపించవలసి వచ్చింది.

సభ ముగిసేసరికి అందరూ తలా ఒకటి కావాలన్నారు. మళ్ళీ పొరపాటు జరగకూడదని ఇందిరగారు ఈసారి మాటలేవీ వాడకుండా కాగితం మీద అంకెలే రాసిచ్చారు.

నాగదుర్గ పరుగున ఇంటికి వచ్చి, ఆయాసంతో నోట మాట రాక, కాగితం కొండయ్య చేతిలో పెట్టింది. ఆయన 144 అని చదివాడు. తర్వాత ఉలి అందుకుని, "సెక్షన్ నూట నలభై నాలుగా? అచ్చులో పోలీసులు ఎంతమంది ఉండాలో కనుక్కున్నావా?" అన్నాడు.